పెద్దయ్యాక నీకే తెలుస్తుంది

చదువు చెప్పాలంటే బడి కావాలి, పంతులు కావాలి, పుస్తకం కావాలి అనుకునే దేశాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటి అమాయకత్వానికి జాలిపడాలి. ఒక శాస్త్రాన్ని మొత్తంగా మూడు మాటల్లో ఇమిడ్చి, తాతల నుంచి మనవల దాకా పైసా ఖర్చు లేకుండా అందించిన ఘనత మనదే. ‘పెద్దయ్యాక నీకే తెలుస్తుంది.’ సూత్రంలో అరమాత్ర తగ్గించగలిగితే కొడుకు పుట్టినంత సంబరపడతారట వ్యాకరణ పండితులు. మనం ఏకంగా పాఠ్యప్రణాళికనే తగ్గించేశాం. ఆ కొడుకు ఎలా పుడతాడన్నది పండితులూ చెప్పలేదు, మనమూ చెప్పలేదు. సంప్రదాయం అంటే అలా ఉండాలి.

నాలుగేళ్ల పిల్ల ‘అమ్మా, నేనెక్కణ్నుంచి వచ్చా?’ అని అడిగితే మన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు చూడండి. దేవుడిచ్చాడు. ఆస్పత్రిలో నర్సమ్మ ఇచ్చింది. తవుడు పోసి కొన్నాం. ఒకే ఇంట్లో అక్కను దేవుడిస్తాడు, తమ్ముణ్ని తవుడుకు కొంటారు. ఆ తమ్ముడు నెలల తరబడి అద్దంలో చూసుకుంటూ తన ఖరీదెంత పలికి ఉంటుందా అని ఆలోచిస్తాడు. పిల్లల్లో ఊహాశక్తి పెంచాలని బాలసాహిత్యం రాసేవాళ్లు ఊరికే తంటాలు పడుతున్నారు గానీ, ఆ పని మన వంటిళ్లలో ఎప్పుడో జరిగిపోయింది.

బడి సంగతికొస్తే మన సైన్సు మాస్టార్లను, టీచరమ్మలను పొగడడానికి నాకు మాటలు చాలవు. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ‘కౌమారదశ’ అని ఒక పాఠం ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి మీద ఇంకొకటి ఉంది. పుస్తకం రాసినవాళ్లు ధైర్యంగానే రాశారు. ఆ ధైర్యాన్ని తరగతి గదిలోకి రానివ్వకుండా గుమ్మం దగ్గరే నిలబెట్టిన వీరులు వీళ్లు. అందరూ కాదులెండి. తలుపు తీసే ఉంచి, అబ్బాయిలనీ అమ్మాయిలనీ కలిపి కూర్చోబెట్టి, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చెప్పేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మీద తల్లిదండ్రుల మీటింగులో ఫిర్యాదులొస్తాయి. కాబట్టి మర్యాద కోసం మనమూ వాళ్లను పక్కన పెడదాం.

పాఠం అమీబాతో మొదలవుతుంది. అమీబా రెండు ముక్కలై ఇద్దరయ్యే వైనం ఒక రోజంతా సాగుతుంది. ఈస్టుకు మొగ్గ తొడగడం మరో రోజు. తర్వాత మందార పువ్వు. పిల్లలందరూ ఇంటి దగ్గర్నుంచి తలో పువ్వూ తెస్తారు. రక్షక పత్రాలు ఒలుస్తారు, ఆకర్షక పత్రాలు విడదీస్తారు, కేసరాలు లెక్కపెడతారు, అండాశయాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దంతో చూస్తారు. పరాగ రేణువు కీలాగ్రం మీద వాలి, అక్కణ్నుంచి నాళం దింపుకుంటూ అండం దాకా వెళ్లే ప్రయాణాన్ని మాస్టారు చెబుతుంటే ఏ ప్రబంధ కవీ దిగదుడుపే. బొమ్మ గీయిస్తారు, భాగాలు గుర్తింపిస్తారు, రంగులు వేయిస్తారు, మార్కులు వేస్తారు. ఆ తర్వాతి పేజీలో మనిషి వస్తాడు. అంతే, మాస్టారికి సిలబస్ వెనకబడిన సంగతి ఉన్నట్టుండి గుర్తొస్తుంది. ‘ఇది తేలికేరా, ఇంటి దగ్గర చదువుకోండి’ అంటారు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమంటాడు. వాడికి రెండు తగుల్తాయి. తరగతిలో ఈ పాఠం మీద జరిగిన ఏకైక ప్రయోగం అదే.

అందువల్ల మన దగ్గర పదో తరగతి గట్టెక్కిన ప్రతి పిల్లకూ మందార పువ్వు ఎలా గర్భం దాలుస్తుందో క్షుణ్ణంగా తెలుసు. తన సంగతి కావాలంటే అందులోంచి ఊహించుకోవాలి. తుమ్మెద ఎక్కడ సరిపోతుందో, గాలి పని ఎవరు చేస్తారో ఆలోచించుకుంటూ ఇంటర్‌లో చేరుతుంది. ఎంపీసీ తీసుకుంటే జీవశాస్త్రానికి అక్కడితో నమస్కారం. ఇంజినీరుకు శరీరం ఉండదు గనక ఇబ్బంది లేదు. బైపీసీ తీసుకుంటే మాత్రం మానవ ప్రత్యుత్పత్తి మొత్తం చదవాలి, నీట్‌లో బిట్లు వస్తాయి. శుక్రకణంలో మైటోకాండ్రియాలు ఏ భాగంలో ఉంటాయో, అండం విడుదలకు ముందు ఏ హార్మోను ఎగబాకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నాలుగు ఆప్షన్లిస్తే క్షణంలో సరైనది గుర్తిస్తుంది. అదే పిల్లకు హాస్టల్లో మూడు నెలలుగా నెలసరి రాకపోతే ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియదు. దానికి ఆప్షన్లివ్వలేదు.

ప్రభుత్వాలను పొగడకుండా ముందుకు పోతే పాపం చుట్టుకుంటుంది. ఎయిడ్స్ భయం గుండెల్లో ఉన్న రోజుల్లో, 2005లో, కేంద్ర విద్యాశాఖ, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. టీచర్లకు ఫ్లిప్‌చార్టులు ఇచ్చాయి. వాటిలో మనిషి శరీరం బొమ్మలున్నాయి. మనిషికి శరీరం ఉంటుందన్న దుర్వార్త బయటికి పొక్కగానే, 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, ఇంకా కొన్ని రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి అడ్డం తిరిగాయి. నర్మద నీళ్ల దగ్గర, కృష్ణ నీళ్ల దగ్గర ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్లలో కొట్లాడుకున్న రాష్ట్రాలు ఇవి. బొమ్మల పుస్తకం దగ్గర ఒక్క మాట మీద నిలిచాయి. జాతీయ సమైక్యతకు ఇంతకంటే చవకైన మార్గం ఎవరైనా చూపించారా?

ఆ తర్వాత తెలుగువాళ్లం ప్రత్యేకంగా గర్వపడాల్సిన ఘట్టం. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ ఈ విషయం మీద నివేదిక ఇచ్చింది. కమిటీ అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా బిడ్డ, మాటల మాంత్రికుడు ఎం. వెంకయ్యనాయుడు. బడుల్లో లైంగిక విద్య వద్దనీ, ఎయిడ్స్, సుఖవ్యాధుల పాఠాలను కింది తరగతుల్లోంచి తీసి ప్లస్ టూ జీవశాస్త్రంలో పెట్టమనీ, పెళ్లికి ముందు సంబంధం తప్పని పిల్లలకు బోధించమనీ కమిటీ సెలవిచ్చింది. ప్రాసలు చెప్పడంలో తిరుగులేని నాయకుడు ఉన్నచోట మౌనానికి ఇంత పెద్దపీట వేయడం త్యాగమనే చెప్పాలి. సిఫారసులోని ముందుచూపు కూడా మామూలుది కాదు. తొమ్మిదిలో బడి మానేసి పత్తి చేలోకి వెళ్లిన పిల్లకు, పది తప్పి మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడికి, ఎంపీసీ వాడికి ఆ పాఠం అందదు. అందనక్కర్లేదు. వైరస్ అన్నది ముందు ఇంటర్ గ్రూపు అడిగి, బైపీసీ అని తేలాకే లోపలికి వస్తుందని కమిటీ నమ్మినట్టుంది.

2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసం ప్రభుత్వాస్పత్రుల్లో స్నేహపూర్వక క్లినిక్కులు పెట్టమంది. 2020లో బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా నియమించి, పదకొండు అంశాలు చెప్పించాలని ఇంకో పథకం వచ్చింది. కాగితం మీద రెండూ చక్కగా ఉన్నాయి. కాగితానికి మనం చేసే గౌరవం ఏమిటంటే, దాన్ని కాగితంగానే ఉంచుతాం. పిల్ల ఆ క్లినిక్కుకు వెళ్లాలంటే ఓపీ చీటీ దగ్గర నిలబడాలి. చీటీ రాసేది వాళ్ల వీధి పెద్దనాన్న. స్నేహానికి అదీ ఒక లక్షణమే మరి.

ఇంత గుట్టుగల జాతి అప్పుడప్పుడూ నోరు విప్పుతుంది. విప్పినప్పుడు చూడాలి. పిల్ల పెద్దమనిషి అయింది. నిన్నటి దాకా ఆ ప్రస్తావనొస్తే కళ్లెర్రజేసిన ఇల్లే నాలుగురోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ కడుతుంది. నడిమధ్యన పట్టు లంగా ఓణీలో, వడ్డాణంతో, పదమూడేళ్ల పిల్ల. చుట్టూ గుండ్రని ఫొటోల్లో మేనమామలు, బాబాయిలు, బాబాయిల స్నేహితులు. పై వరసలో సర్పంచి, ఎమ్మెల్యే, ఆ కుటుంబం అభిమానించే హీరో. పిల్ల మెదడు కింద బఠానీ గింజంత గ్రంథి ఒకటి తన పని తాను చేసినందుకు శాసనసభ్యుడు రెండు చేతులూ జోడించి నమస్కరిస్తుంటాడు. ఫంక్షన్ హాలు, స్వాగత తోరణం, డ్రోన్ కెమెరా, పిల్ల మీద పూల వాన, మేనమామ చీర, మాంసాహారానికి వేరే పందిరి. ఏలూరు నుంచి ఎవరో, బెంగళూరు నుంచి ఎవరో, ఆ పిల్ల పుట్టాక మళ్లీ కనపడని చుట్టం కూడా వస్తాడు. ఇంతమందికి చేరిన సమాచారం ఒక్క మనిషికి మాత్రం చేరదు. ఆ మనిషి స్టేజీ మీద, సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని ఉంటుంది.

ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదనడం అన్యాయం. చెప్పారు. మూల గదిలో చాప మీద కూర్చోబెట్టి, వేరే కంచం, వేరే గ్లాసు ఇచ్చి, చిమ్మిలి ముద్దలు తినిపిస్తూ పేరంటాళ్లందరూ తలో మాటా చెప్పారు. పచ్చడి జాడీ ముట్టుకోకు. మల్లె తీగ దగ్గరకు పోకు. గట్టిగా నవ్వకు. ఇక మగపిల్లలతో ఆటలు కట్టు. ఆ రక్తం ఎందుకొచ్చింది, ఎన్ని రోజులుంటుంది, మొదటి ఏడాది రెండేళ్లు నెల తప్పినా కంగారు పడనక్కర్లేదా, కడుపునొప్పి ఎంత ఉంటే డాక్టరు దగ్గరకు పోవాలి అన్న చిల్లర విషయాలు మాత్రం పెద్దవాళ్ల దృష్టికి రాలేదు. ఏదో గాయమైందనో, చెడ్డ జబ్బు చేసిందనో, చచ్చిపోతున్నాననో బడి మరుగుదొడ్డిలో వణికిపోయిన ఆ మొదటి గంట ఆల్బమ్‌లో ఉండదు. ఫొటోగ్రాఫరు స్నానం రోజుకు గానీ రాడు.

ఇంట్లో తమ్ముడుంటాడు. ‘అక్క ఎందుకు అక్కడ కూర్చుంది?’ అంటాడు. ‘కాకి ముట్టుకుంది’ అని జవాబు. వాడు ఆ రోజు నుంచి కాకులను రాళ్లతో కొడతాడు. పన్నెండేళ్లకు వాడికీ పంచెల ఫంక్షన్ చేస్తారు. పట్టు పంచె, కండువా, ఇంకో ఫ్లెక్సీ. వాడికి చెప్పాల్సింది కూడా ఏమీ లేదు, ఎందుకంటే వాడు మగపిల్లాడు. పుట్టుకతోనే అన్నీ తెలిసినవాడు.

సముద్రాలు దాటినా ఈ ప్రతిభ తరగలేదు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మనవాళ్లు చేసే హాఫ్ శారీ ఫంక్షన్లకు హైదరాబాదు నుంచి నగలు, మేకప్ మనుషులు వెళతారు. అక్కడి బడుల్లో శరీరం గురించి చెప్పే తరగతి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులు వద్దంటే పిల్లకు ఆ తరగతి తప్పించవచ్చు. ఒక చేత్తో ఆ వద్దన్న కాగితం మీద సంతకం, ఇంకో చేత్తో బాంక్వెట్ హాలుకు అడ్వాన్సు. రెండు సంస్కృతులనూ ఇంత సులువుగా కలిపినవాళ్లను నేనెరగను.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, వ్యంగ్యం లేకుండానే అంటున్నా. కానీ వీధి చివరి దుకాణం తన ధర్మం తప్పలేదు. బీరు సీసాలు చేతికిచ్చి పంపే ఊళ్లోనే ప్యాడ్ల పొట్లాన్ని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, అటూ ఇటూ చూసి ఇస్తారు. ఆ నల్ల కవరు చూస్తే లోపల ఏముందో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. రహస్యాన్ని ఇంత స్పష్టంగా ప్రకటించే ప్యాకింగు ఇంకెక్కడా లేదు.

మగపిల్లల చదువు మనం పూర్తిగా ప్రైవేటుకిచ్చేశాం. ఒకప్పుడు గోడలు చెప్పేవి. బస్టాండు వెనక గోడ మీద, మరుగుదొడ్డి తలుపు మీద, రైలు కట్ట పక్కన సున్నం మీద నీలిరంగు అక్షరాలు. ఫలానా లాడ్జి, ఫలానా గది, నెలలో ఫలానా తేదీన డాక్టరుగారు దర్శనమిస్తారు. కుర్రాడికి నిద్రలో బట్ట తడిసింది, అది ఆ వయసులో ఎవరికైనా జరిగేదే అని చెప్పే నాథుడు లేక వాడు లాడ్జి మెట్లెక్కుతాడు. నలభై చుక్కల రక్తం ఒక్క చుక్క వీర్యమని, అది పోతే ఆయుష్షు పోయినట్టేనని అక్కడ తెలుసుకుంటాడు. అమ్మ దాచుకున్న డబ్బు లేహ్యానికవుతుంది. ఈ దిగులుతో చిక్కి శల్యమయ్యే మగవాళ్లను చూసి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇలాంటి ప్రకటనలు చెల్లవని చట్టం అంతకు ఆరేళ్ల ముందే, 1954లోనే ఉంది. చట్టం పుస్తకంలో ఉంది, ప్రకటన గోడ మీద ఉంది. మనవాళ్లు పుస్తకం కంటే గోడను ఎక్కువ చదువుతారని రెండు పక్షాలకూ తెలుసు.

ఈ వ్యవస్థకు ద్రోహం చేసినవాళ్లు లేకపోలేదు. విజయవాడ నాస్తిక కేంద్రం డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు వారపత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు సూటిగా, ఓపిగ్గా జవాబులు రాశారు. భయపడకండి, అది జబ్బు కాదు అని ఎన్ని వేలసార్లు రాసి ఉంటారో. ఆ పేజీని ఇంట్లో తండ్రి చదివేవాడు, తల్లి చదివేది, పిల్లలు చదివేవాళ్లు, ఒకరు చదివినట్టు ఇంకొకరికి తెలియకుండా. ఒక కుటుంబం మొత్తం ఒకే పాఠం నేర్చుకుని ఒకరితో ఒకరు ఒక్క ముక్క అనుకోకపోవడం నిగ్రహానికి పరాకాష్ఠ.

ఇప్పుడు గోడల అవసరం తీరింది, ఫోను వచ్చింది. అందులో చూసిందే స్త్రీపురుషుల మధ్య జరిగేదనీ, ఆడది వద్దంటే అవుననే అర్థమనీ వాడు పన్నెండేళ్లకే నేర్చుకుంటున్నాడు. సినిమా అంతకు ముందే పునాది వేసి ఉంచింది. వెంటపడడం, దారి కాయడం, కాలేజీ గేటు దగ్గర పాట. 2000లో వచ్చిన తేజ సినిమా ‘చిత్రం’లో ఇంటర్ చదివే పిల్లలిద్దరూ తల్లిదండ్రులవుతారు. రాష్ట్రమంతా విరగబడి చూసింది, పాటలు పాడుకుంది. ఆ పిల్లలకు అలా కాకుండా చూసుకునే మార్గం ఎవరైనా చెప్పి ఉండాల్సిందేమో అన్న చర్చ మాత్రం ఏ టీకొట్టు దగ్గరా జరిగినట్టు లేదు. హిట్టా ఫట్టా అన్నది తేలాక ఇక చర్చేముంది?

ఆ మార్గం పేరు పలకడంలో సర్కారు పడిన అవస్థ చూస్తే కళ్లు చెమరుస్తాయి. 1968లో నిరోధ్‌ను పదిహేను పైసలకు మూడు చొప్పున అంగళ్లలో పెట్టింది. గోడ గోడకూ కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వేసింది. పిల్లలు ఎలా ఆగుతారో ఊరూరా చెప్పింది గానీ ఎలా వస్తారో చెప్పలేదు. పిల్లలు ఆ నిరోధ్‌లను బుడగలుగా ఊదుకున్నారు. 2000ల తొలి ఏళ్లలో పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని మన రోడ్ల మీద హోర్డింగులు లేచాయి. ఇల్లిల్లూ నవ్వుకుంది, పులిరాజా సామెత అయిపోయాడు, జవాబు ఏమిటని చిన్నపిల్లలు అడిగితే పెద్దలు మాట మార్చారు. 2017 డిసెంబర్లో కేంద్ర సమాచార శాఖ కండోమ్ ప్రకటనలను రాత్రి పది నుంచి పొద్దున ఆరు మధ్యనే వేయమంది. అశ్లీలం లేనివాటికి ఇది వర్తించదని తర్వాత సవరించుకుంది గానీ, ఆ మొదటి ఆలోచనలోని శుభ్రత నాకు నచ్చింది. ఐటెం సాంగు మధ్యాహ్నం భోజనాల వేళ రావచ్చు. రోగం రాకుండా చూసుకునే మాట మాత్రం పిల్లలు పడుకున్నాక రావాలి.

ఈ మౌనం వల్ల అందరికంటే లాభపడినవాళ్లను ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. 2007లో, అంటే రాష్ట్రాలు ఫ్లిప్‌చార్టులను అటక ఎక్కించిన ఆ ఏడే, కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేలమందికి పైగా పిల్లలను అడిగి చేసిన అధ్యయనం వెలువడింది. 53 శాతం పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. వాళ్లలో సగం పైన మగపిల్లలు. వేధింపు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సుమారు సగం మంది పిల్లలు ఎరిగినవాళ్లు, నమ్మినవాళ్లు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు.

ఎలా చెబుతారు? మోచేతికి దెబ్బ తగిలితే మోచెయ్యి అని చెబుతాడు, మోకాలికి తగిలితే మోకాలు అంటాడు. ఆ చోటుకు మనం వాడికి పేరే నేర్పలేదు. నేర్పిన ఒకటి రెండు మాటలూ బూతులు, అంటే దెబ్బలు పడతాయి. అక్కడ ఎవరూ చెయ్యి వేయకూడదని చెప్పలేదు, ఎందుకంటే అక్కడ అనే చోటు ఉందని మనమే ఒప్పుకోలేదు. చాక్లెట్ ఇచ్చే మామయ్యకూ, ట్యూషన్ చెప్పే సారుకూ, మేడమీది అన్నయ్యకూ ఇంతకన్నా పటిష్ఠమైన రక్షణ ఏ చట్టమూ ఇవ్వలేదు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. కోర్టులో జడ్జిగారు పిల్లను ‘ఏం జరిగిందమ్మా’ అని మెత్తగా అడుగుతారు. అక్కడికొచ్చాక ఆ పిల్లకు మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది, చుట్టూ నల్లకోట్ల మధ్య.

అదే చట్టం పద్దెనిమిది లోపు వాళ్ల ఇష్టాన్ని ఇష్టంగా ఒప్పుకోదు. ఈ సంగతి పంతొమ్మిదేళ్ల కుర్రాడికి తెలియదు. వాడికి తెలిసిన న్యాయశాస్త్రం సినిమాలో హీరో చెప్పిందే. పదిహేడేళ్ల పిల్లతో బస్సెక్కి పారిపోతాడు, నాలుగో రోజు దొరుకుతాడు. శరీరం గురించి, సమ్మతి గురించి, వయసు గురించి వాడి జీవితంలో మొదటి పాఠం స్టేషన్లో ఎస్సైగారు చెబుతారు. పాఠ్యపుస్తకం లేదు గానీ బోధనోపకరణం ఉంటుంది.

ఇక పిల్లల పెళ్లిళ్లు. ఈ విషయంలో మన పూర్వీకుల పరిష్కారం ఎంత గొప్పది! ప్రశ్న పుట్టే వయసు రాకముందే పెళ్లి చేసేస్తే చెప్పే బాధ ఉండదు. 1929లో శారదా చట్టం వచ్చి పిల్లకు పద్నాలుగేళ్లు నిండాలంది. 1978లో అది పద్దెనిమిదయింది. మన శ్రద్ధ మాత్రం పూర్తిగా సడలలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23.5. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో అప్పటికే తల్లయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశం మొత్తం మీద అది 6.8, కేరళలో 2.4. అంటే దేశంలో ఒకరు పెద్ద కాకముందే తెలుసుకునే చోట మనదగ్గర దాదాపు ఇద్దరు, స్వానుభవంతో తెలుసుకుంటున్నారు. చేస్తూ నేర్చుకోవడమే అసలైన చదువని కదా విద్యావేత్తలు ఘోషిస్తున్నది.

ఆ పిల్లకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు ఇద్దరు పిల్లలు, ఆపరేషను. ముప్పై దాటగానే నడుంనొప్పి, తెల్లబట్ట. ఎవరో ఆర్‌ఎంపీ చిన్న నర్సింగ్ హోముకు తీసుకెళతాడు. అక్కడ స్కానింగ్ తెర మీద బూడిదరంగు నీడను చూపించి, ఇదమ్మా నీ గర్భసంచి, తీసేయాలి, ఉంటే క్యాన్సరవుతుంది అంటారు. గర్భసంచి తొలగింపులు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ ముందున్నాయి. తనకొక గర్భసంచి ఉందనీ, అది ఇలా ఉంటుందనీ ఆమెకు తెలిసిన మొదటి రోజే అది పోతుంది. పరిచయం, వీడ్కోలు ఒకే పూట.

ఇన్ని చెప్పాక కూడా ఒకరిద్దరు మొండివాళ్లు పాఠం చెప్పాల్సిందే అంటారు. 2018లో యునెస్కో తన లైంగిక విద్యా మార్గదర్శకాలను సవరిస్తూ, ఇలాంటి విద్య వల్ల పిల్లలు తొందరపడరనీ, కొన్నిచోట్ల ఆలస్యమే చేస్తారనీ పరిశోధనలు చూపించింది. 2024 సెప్టెంబర్లో మన సుప్రీంకోర్టు కూడా సమగ్ర లైంగిక విద్య కావాలంది, జార్ఖండ్‌లో నడుస్తున్న ‘ఉడాన్’ కార్యక్రమాన్ని మెచ్చుకుంది. జార్ఖండ్! ఐటీ హబ్బులు మనవి, ర్యాంకులు మనవి, ఫ్లెక్సీలు మనవి, మెప్పు జార్ఖండ్‌కు. అసూయతో అంటున్నారనుకున్నా సరే, మన సిద్ధాంతం ముందు ఇవేవీ నిలవవు. చెబితే చెడిపోతారు. ఇంతే సిద్ధాంతం. ఇప్పటిదాకా చెప్పలేదు గనక ఎవరూ చెడిపోలేదు. పేపర్లో వచ్చేవన్నీ పక్క జిల్లా సంగతులు.

అందుకే నేనూ, మా కాలనీ సాంస్కృతిక సంఘం మిత్రులూ కలిసి ఈ మౌనాన్ని కాపాడిన పెద్దలకు సన్మానం చేద్దామని తీర్మానించాం. సన్మాన పత్రం రాసే పని నాకు ఒప్పజెప్పారు. ఒక టీచరుకు, ఒక తల్లికి, ఒక తండ్రికి, ఒక కమిటీ సభ్యుడికి, నల్ల కవర్ల దుకాణదారుకు శాలువాలు. కవర్లు ఉచితంగా సరఫరా చేస్తానని దుకాణదారు ముందే మాటిచ్చాడు. హాలు బుక్కయింది, ఎమ్మెల్యేగారు డేటిచ్చారు, ఫ్లెక్సీవాడు డిజైను పంపాడు. ‘ఎందుకు సన్మానిస్తున్నామో ఒక లైను రాసి పంపండి సార్, పైన వేస్తా’ అన్నాడు. కార్యవర్గం రెండు సార్లు కూర్చుంది. ఏమని రాసినా దారిన పోయే పిల్లలు చదువుతారు, చదివితే అడుగుతారు. అధ్యక్షులవారు ఆ లైను ఖాళీగా వదిలేయమన్నారు. వక్తలకు కూడా కబురు పంపాం, మైకులో విషయం ఎత్తొద్దని. పిల్లలతో ‘స్వాగతం’ నృత్యం ఉంది కదా, ముందు వరసలోనే కూర్చుంటారు.